వదిన పేరుతో నేను రాసినది

ఈ వ్యాసానికి మా తెలుగు టీచర్ ఇచ్చిన అంశం "ఆన్‌లైన్ చదువు – మంచిదా, చెడ్డదా?" అని. మా తరగతిలో చాలామంది లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క రాశారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నాలుగు లాభాలు రాసేసరికి నాకే సిగ్గేసింది. ఎందుకంటే ఆ విషయంలో నేను చేసిన ఒక పని ఉంది, అది ఈ లాభనష్టాల పట్టికలో ఏ పక్కకూ రాదు. టీచర్‌ని అడిగితే "అదే రాయి" అన్నారు. మా వదినను అడిగితే ఒక రోజంతా ఆలోచించి "రాయి, కానీ ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నది. అలా ఎందుకు అన్నదో చదివితే మీకే తెలుస్తుంది.

మాది సోలాపూర్. ఇక్కడ తెలుగువాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో మన బడి పిల్లలకు చెప్పనక్కర్లేదు. మా తాత సిరిసిల్ల పక్క నుంచి సాంచాల పని కోసం వచ్చాడు. నాయిన ఇప్పటికీ సాంచ మీద తువ్వాళ్ళు నేస్తాడు. అమ్మ బీడీలు చేస్తుంది. అన్నకు పెళ్ళై ఆరేళ్ళు. వదిన కూడా సిరిసిల్ల పిల్లే, అక్కడ ఇంటర్ పాసైంది. పెళ్ళై వచ్చినప్పుడు ఆమెకు మరాఠీ ఒక్క ముక్క రాదు. బీడీ చేయడం మాత్రం వచ్చు, ఎందుకంటే అక్కడ కూడా వాళ్ళ అమ్మ చేసేది. అమ్మ ఎప్పుడూ అంటుంది, "ఊరు మారింది గానీ చాట మారలే" అని.

రెండేళ్ళ కింద వదిన డిగ్రీలో చేరింది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చదివే డిగ్రీ. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. సమాజశాస్త్రం ఆమెకు ఇష్టమైన పేపరు. రాత్రి 9 గంటలకు క్లాసు. పొద్దంతా చేసిన బీడీలు కట్టలు కట్టి, పిల్లవాణ్ణి పడుకోబెట్టి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వంటగదిలో గోడకు ఆనుకుని కూర్చునేది. మా ఇంట్లో సిగ్నల్ బాగా వచ్చేది అక్కడే.

మా మేనమామ కూడా ఇంట్లో ఉండే డిగ్రీ చేశాడు, కానీ అది పోస్టులో వచ్చే చదువు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పెట్టారు, ఇప్పుడు దానికి అంబేద్కర్ గారి పేరు ఉంది. మామ అందులో చదివాడు. తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో, 1989లో మన నాశిక్‌లో యశ్వంత్‌రావ్ చవాన్ పేరుతో వచ్చాయి. మామ చెప్పేదేమంటే, పుస్తకాలు కట్టగా పోస్టులో వచ్చేవట. ఆదివారం ఒక కాలేజీలో క్లాసు. అందులో సగం ఆదివారాలు డ్యూటీ వల్ల పోలేకపోయేవాడు. "అనుమానం వస్తే ఎవరిని అడిగేవాడివి మామా?" అంటే, "గోడను" అన్నాడు నవ్వుతూ.

నాకు ఏకలవ్యుడు గుర్తొచ్చాడు. ద్రోణుడి మట్టిబొమ్మ ముందు పెట్టుకుని నేర్చుకున్నాడు కదా. ఆయన్ని మొదటి దూరవిద్య విద్యార్థి అనుకోవచ్చు. కానీ బొమ్మను అడిగితే బొమ్మ చెప్పదు. ఏకలవ్యుడికి పక్కన ఇంకొక ఏకలవ్యుడు ఉంటే కథ ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

వదిన చదువులో ఆ పక్కన ఉండే ఏకలవ్యుళ్ళు ఉన్నారు. ఈ ఆన్‌లైన్ కోర్సులను నాలుగు భాగాలుగా చేస్తారు. వీడియో పాఠం, చదువుకునే పాఠం, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, నాలుగోది చర్చ. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం కోర్సులు కూడా ఈ నాలుగు కాళ్ళ మీదే నడుస్తాయి. అంటే విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా పాఠంలో భాగమే, ఖాళీ టైములో చేసే కబుర్లు కావు. వదిన సార్ దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోయాడు. తరగతి అందరికీ కలిపి ఒక బ్లాగు పెట్టాడు. పదిహేను రోజులకు ఒకసారి ప్రతి ఒక్కరూ తమ ఊరి గురించి, తమ బతుకు గురించి పాఠానికి కలిసేలా ఒకటి రాయాలి. ఇంకా ఇద్దరు రాసినవి చదివి వాటికింద తమ మాట రాయాలి. దానికి మార్కులు. ఇది కాక వాట్సాప్ గ్రూపు ఒకటి, అది విద్యార్థులదే, అందులో సార్ లేడు. అందులో జరిగేవి నేను తర్వాత చెప్తాను.

చిక్కు ఏమంటే, అందరూ రాసేది మరాఠీలో. ఇంగ్లీషులో రాసినా సరే అన్నాడు సార్, కానీ వదినకు రెండూ కష్టమే. మాట్లాడటం ఆరేళ్ళలో వచ్చేసింది. బజారులో బేరం ఆడితే ఎవరూ తెలుగామె అనుకోరు. రాయడం మాత్రం రాదు. నేను ఇక్కడే పుట్టాను, బడిలో మరాఠీ ఒక సబ్జెక్టు, పైగా టైపింగ్ నాకు బాగా వచ్చు. 2020లో బడి మూసినప్పుడు నేను ఐదో తరగతి. అప్పుడు నాయిన ఫోన్‌లోనే పాఠాలు చదివి, ఆ ఫోన్‌లోనే జవాబులు కొట్టి కొట్టి నా బొటనవేళ్ళు తయారయ్యాయి. కాబట్టి వదిన తెలుగులో చెప్పేది, నేను మరాఠీలో కొట్టేదాన్ని. అంతవరకు తప్పేమీ లేదని ఇప్పటికీ నా నమ్మకం.

మొదటి రెండుసార్లు ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. మూడోసారి ఒక వాక్యం మరీ చప్పగా ఉందనిపించి కొంచెం మార్చాను. చదివి వినిపించాను, వదిన "బాగుంది" అన్నది. నాలుగోసారి ఆమెకు జ్వరం. "నువ్వే ఏదో ఒకటి రాసెయ్ చిన్నీ, రేపే ఆఖరు" అన్నది. రాశాను. పది లైకులు వచ్చాయి. ఆమె రాసినప్పుడు మూడు వచ్చేవి.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. ఆ లైకులు వదిన పేరుకు వచ్చినా సంతోషం నాకు కలిగింది. బడిలో ఎన్ని వ్యాసాలు రాసినా టీచర్ ఒక్కరే చదువుతారు. అక్కడ నాందేడ్ నుంచి, సాంగ్లీ నుంచి, నాగపూర్ నుంచి పెద్దవాళ్ళు చదివి "తాయీ, ఎంత బాగా రాశావు" అంటున్నారు. నేను ఆ "తాయి" అయిపోయాను. ఐదోసారి వదిన నన్ను అడగలేదు, నేనే అడిగాను, "ఈసారి కూడా నేనే రాయనా?" అని. ఆమెకు ఆ వారం బీడీలు తక్కువ పడ్డాయి, ఆకు బాగాలేదు, మళ్ళీ ఆకు కొనాల్సి వచ్చింది. "సరే" అన్నది.

ఆ ఐదోదాని అంశం "మీ ప్రాంతంలో ఒక వృత్తి". బీడీ గురించి రాయాలని వెంటనే తట్టింది. నెట్‌లో మరాఠీలో బీడీ కార్మికుల మీద ఉన్నవి కొన్ని చదివాను. అన్నిట్లో కన్నీళ్ళే. నాకూ కన్నీళ్ళు కావాలనిపించింది. అందుకని వదిన పేరుతో ఇలా రాశాను – తనను ఎనిమిదేళ్ళ వయసులో బడి మాన్పించి చాట ముందు కూర్చోబెట్టారని, పలక పట్టాల్సిన చేతికి కత్తెర ఇచ్చారని, ఇప్పుడు ఈ వయసులో మళ్ళీ అక్షరాలు దిద్దుకుంటున్నానని. ఆ కత్తెర, పలక వాక్యం రాసినప్పుడు నాకు నిజంగానే గొంతు పట్టింది. అంత బాగా వచ్చింది. అందులో ఒక్కటీ నిజం కాదు.

దానికి నలభై దాటి లైకులు. సార్ కూడా మెచ్చుకుంటూ రాశాడు. వదిన "ఏం రాసినవే, ఇంతమంది మెచ్చుకుంటున్నరు?" అని అడిగితే "బీడీల గురించే" అన్నాను. ఆమె మరాఠీ మెల్లగా కూడబలుక్కుని చదువుతుంది, ఆ రోజు చదివే తీరిక లేదు.

రెండు రోజుల తర్వాత దాని కింద ఒక పెద్ద జవాబు వచ్చింది. రాసింది గడ్‌చిరోలి జిల్లా సిరొంచ నుంచి ఒక అక్క. (ఆమె పేరు రాయను, సిరొంచ అక్క అంటాను.) వాళ్ళ ఇంట్లో అందరూ ఎండాకాలం తునికాకు ఏరడానికి అడవికి పోతారట. తనను నాలుగో తరగతిలో నిజంగా బడి మాన్పించారట. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి, ఆకు కట్టలు కట్టడానికి. ఈ సంగతి తరగతిలో ఎవరికీ ఇంతవరకు చెప్పలేదని, సిగ్గు అనిపించేదని, "మీరు చెప్పారు గనుక నేనూ చెప్తున్నాను" అని రాసింది. చివర ఒక ప్రశ్న అడిగింది – మేము ఏరిన ఆకు మీ దగ్గరికి వచ్చాక, మీరు ఏ ఆకును పనికిరాదని పారేస్తారు?

నేను చదివి ఫోన్ బోర్లా పెట్టాను. నా కడుపులో ఏదో తిరిగింది. అయినా ఏం చేశానో తెలుసా? "ధన్యవాదాలు తాయీ, మన కన్నీళ్ళు ఒక్కటే" అని జవాబు కొట్టాను. ఆ వాక్యం ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది.

ఆ రాత్రి వదిన చదివింది. మొత్తం చదివింది, నేను రాసింది, సిరొంచ అక్క రాసింది, మళ్ళీ నేను రాసింది. వేలు పెట్టి ఒక్కో మాట కూడబలుక్కుని చదవడానికి గంట పట్టి ఉంటుంది. నన్ను లేపింది.

"నేనెప్పుడు బడి మానేసిన చిన్నీ?"

నేను మాట్లాడలేదు.

"ఇంటర్‌ల నాకు 812 మార్కులొచ్చినయి. మా నాయిన సైకిల్ మీద కూసోబెట్టుకోని కాలేజీకి తోల్కపోయేటోడు. నువ్వు మా నాయినను పిల్లను బడి మాన్పించినోణ్ణి చేసినవు."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించింది. కొంచెం సేపటికి, "పాపం ఆమె నిజం చెప్పింది. నిజం చెప్పి మన అబద్ధం పక్కన పెట్టుకున్నది" అన్నది.

నేను ఈ వ్యాసంలో అడగాలనుకున్న ప్రశ్న ఇది. ఒకరి పేరుతో ఇంకొకరు రాస్తే అందులో తప్పు ఎక్కడ మొదలవుతుంది?

అన్న అయితే తప్పే లేదన్నాడు. "అందరు చేసేదే. మార్కుల కోసం రాసే రాతకు ఇంత గోల ఎందుకు?" అన్నాడు. అన్న చెప్పింది వాట్సాప్ గ్రూపు చూస్తే నిజమే అనిపిస్తుంది. అసైన్‌మెంట్ ఇచ్చిన రెండో రోజే ఎవరో ఒకరు జవాబులన్నీ ఫొటోలు తీసి పెడతారు. మిగతావాళ్ళు మాటలు అటూ ఇటూ మార్చి రాసేస్తారు. ఈ మధ్య కొందరు ప్రశ్న అడిగితే యంత్రమే రాసిచ్చే యాప్‌లు వాడుతున్నారు, ఒకేలాంటి జవాబులు ఐదారు కనిపిస్తాయి. కానీ అదే గ్రూపులో ఇంకో రకం సాయం కూడా జరుగుతుంది, అది నేను చూశాను. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ మర్చిపోయిన వాళ్ళకు రాత్రి పదకొండింటికి గుర్తుచేస్తారు. నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న ఒక తల్లికి ఇంకొకామె పాఠం అంతా వాయిస్ మెసేజ్‌లో చదివి పంపింది. మామకు గోడ ఒక్కటే ఉండేది. వదినకు అరవై మంది ఉన్నారు. కాబట్టి ఆ గ్రూపును మొత్తంగా దొంగల సంత అని నేను అనలేను. ఒకే గ్రూపు, ఒకే రోజు, ఒకే మనిషి – పొద్దున సాయం చేస్తుంది, సాయంత్రం కాపీ ఇస్తుంది. రెండిటినీ ఆమె సాయం అనే అంటుంది.

అవ్వ చెప్పిన సంగతి ఒకటి నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. మా తాతకు చదువు వచ్చు. సాఖర్‌పేట్‌లో ఉన్నప్పుడు ఆదివారం పూట చుట్టుపక్కల ఆడవాళ్ళు కార్డు ముక్క పట్టుకుని వచ్చేవాళ్ళట. అత్తగారి ఊరికి, తల్లిగారి ఊరికి ఉత్తరాలు రాయించుకోవడానికి. తాత వాళ్ళ పేరుతోనే రాసేవాడు. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టి. "మరి అది అబద్ధం కాదా అవ్వా? రాసింది తాత, పేరు వాళ్ళది" అని అడిగాను. అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "రాసినంక చదివి ఇనిపిస్తుండె గదా! ఇనిపిచ్చి, ఔనంటేనే సంతకం జాగల పేరు పెడుతుండె. ఒకామె కాదంటే మూడుసార్లు రాసిండు, మూడు కార్డులు పాడైనయి."

అంటే తేడా చేతిలో లేదు. ఎవరి చెయ్యి రాసింది అన్నది పెద్ద విషయం కాదు. మొదటి రెండుసార్లు నేను తాతలాగే ఉన్నాను. మూడోసారి మార్చినా చదివి వినిపించాను. నాలుగోసారి వినిపించలేదు. ఐదోసారి వినిపించకూడదనే వినిపించలేదు, అడిగినా దాటేశాను. ఎక్కడ మొదలైందంటే, చదివి వినిపించడం మానేసిన చోట. నాకు ఇప్పుడు అలా అనిపిస్తోంది. ఇది పూర్తి జవాబు కాదని కూడా తెలుసు. ఒకవేళ నేను చదివి వినిపించి, వదిన కూడా "ఆ, పోనీలే, మార్కులు వస్తయి" అని ఉంటే? అప్పుడు వదినకు, నాకు మధ్య అబద్ధం లేదు. సిరొంచ అక్కకు మాత్రం అంతే అన్యాయం జరిగేది. కాబట్టి ఒప్పుకోవాల్సింది రాయించుకునే వాళ్ళు ఒక్కరే కాదు, చదివేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళను ముందే అడగడం కుదరదు. వాళ్ళు నమ్మి చదువుతారు, అంతే.

మా టీచర్‌కు ఇదంతా చెప్పినప్పుడు ఆయన సోక్రటీసు గురించి చెప్పారు. సోక్రటీసు తాను ఏమీ రాయలేదు, ఆయన మాటలని ఆయన శిష్యుడు ప్లేటో రాశాడు. ఫీడ్రస్ అనే సంభాషణలో సోక్రటీసు రాతను బొమ్మతో పోలుస్తాడట. బొమ్మ ప్రాణమున్నట్టే కనిపిస్తుంది, కానీ ప్రశ్న అడిగితే నోరు విప్పదు, రాత కూడా అంతే అని. విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆయన కాలంలో రాత కింద జవాబు కొట్టే వీలు లేదు కదా అని. ఇప్పుడు రాతను ప్రశ్న అడగొచ్చు. సిరొంచ అక్క అడిగింది. ఏ ఆకు పారేస్తారు అని. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో వదినకు తెలుసు, అమ్మకు తెలుసు. రాసిన నాకు తెలియదు. నేను పుట్టినప్పటి నుంచి ఆ ఆకుల మధ్య పెరిగినా ఏది పారేస్తారో ఎప్పుడూ చూడలేదు. అందుకే కన్నీళ్ళు ఒక్కటే అని రాసి తప్పించుకున్నాను. బొమ్మ నోరు విప్పింది గానీ బొమ్మ మాటే మాట్లాడింది.

వదిన మర్నాడు ఒక నిర్ణయం చెప్పింది. ఉన్నది ఉన్నట్టు అదే చోట రాస్తానన్నది. అన్న వద్దన్నాడు. నేనూ వద్దన్నాను, నా కారణం వేరు. వదిన వినలేదు. తాను చెప్పింది, నేను కొట్టాను, ఈసారి ప్రతి వాక్యం వినిపించాను. "ఐదోది, అంతకు ముందుది మా ఆడబిడ్డ రాసింది, ఆమెకు పదిహేనేళ్ళు. నేను చదవకుండా నా పేరు పెట్టనిచ్చాను, తప్పు నాది. నేను బడి మానలేదు." ఆమె "తప్పు నాది" అన్నప్పుడు నేను కొట్టడం ఆపాను. "కొట్టు" అన్నది.

దాని తర్వాత జరిగినవన్నీ మంచివి కావు. సార్ ఆ రెండిటికీ సున్నా వేశాడు. కోప్పడలేదు, కానీ మార్కులు పోయాయి, ఆ పేపరులో వదిన అంచుమీద పాసైంది. గ్రూపులో అయితే కొందరికి బాగా కోపం వచ్చింది. "నువ్వు గొప్పదానివి కావచ్చు, ఇప్పుడు సార్ మా అందరివీ అనుమానంగా చూస్తాడు" అని ఒకాయన రాశాడు. నిజంగానే సార్ తర్వాతి వారం నుంచి ఒక్కొక్కరికి ఫోన్ చేసి మీరు రాసిందాని గురించి రెండు నిమిషాలు చెప్పండి అని అడగడం మొదలుపెట్టాడు. కొడుకుతో టైప్ చేయించుకునే ఒకామె భయపడి వదినకు విడిగా మెసేజ్ పెట్టింది – నాకు కంటిచూపు సరిగ్గా లేదు, నా కొడుకు నేను చెప్పిందే రాస్తాడు, ఇప్పుడు నన్ను కూడా దొంగ అనుకుంటారా అని. వదిన నిజం చెప్పడం వల్ల ఏ తప్పూ చేయని ఆమెకు ఇబ్బంది వచ్చింది. దీన్ని ఏమనాలి? నిజం చెబితే ఎప్పుడూ మంచే జరుగుతుందని మన పాఠాల్లో ఉంటుంది. జరగలేదు. అయినా చెప్పకుండా ఉంటే బాగుండేదని మాత్రం నేను అనలేకపోతున్నాను. ఆమె కంటి సంగతి వదినే సార్‌కు ఫోన్ చేసి చెప్పింది, అది వేరే విషయం.

ఇంకొకటి అమ్మ వల్ల తెలిసింది. ఇదంతా విని అమ్మ మొదట అడిగింది మార్కుల గురించి కాదు. "అది ఎవరెవరికి కనిపిస్తది?" అన్నది. చూస్తే ఆ బ్లాగు అందరికీ కనిపిస్తుంది, తరగతి వాళ్ళకే కాదు. నేను రాసిన ఐదోదాంట్లో బీడీలు అప్పజెప్పే చోట ఊరికే ఏరి పారేస్తారని, తక్కువ లెక్క కడతారని కూడా రాసి ఉన్నాను. అమ్మ భయం అది. లెక్క చూసేవాళ్ళ పిల్లల చేతుల్లో కూడా ఫోన్లు ఉంటాయి. రేపు "మీ కోడలు మా మీద రాసిందట" అంటే? తరగతి గదిలో నేను లేచి ఏదైనా చెబితే నాలుగు గోడల మధ్య ఉంటుంది, తప్పైతే టీచర్ దిద్దుతారు, సాయంత్రానికి అందరూ మర్చిపోతారు. తప్పు మాట్లాడే వీలు లేకపోతే నేర్చుకునేది ఎట్లా? ఊరందరి ముందు నేర్చుకోమంటే ధైర్యం ఉన్నవాళ్ళు, పోగొట్టుకునేది లేనివాళ్ళు నేర్చుకుంటారు. మిగతావాళ్ళు ఎవరికీ నొప్పి కలగని చప్పటి మాటలు రాస్తారు. సార్ మంచి ఉద్దేశంతోనే పెట్టాడు, మన బతుకులు పుస్తకంలోకి రావాలని. కానీ బతుకు రాయమని అడిగినప్పుడు అది ఎవరు చదువుతారో ముందు చెప్పాలి కదా. వదిన ఈ మాట సార్‌కు చెప్పింది. ఆయన ఆలోచించి బ్లాగును తరగతికి మాత్రమే కనిపించేలా మార్చాడు. గ్రూపులో కోపంగా ఉన్నవాళ్ళు కూడా దానికి మాత్రం బొటనవేలు పైకెత్తారు.

సిరొంచ అక్క తొమ్మిది రోజులు ఏమీ రాయలేదు. వదిన రోజూ చూసేది. నేనూ చూసేదాన్ని. ఈ తొమ్మిది రోజుల్లో నేను నా సొంత ఖాతాలో ఏమీ పెట్టలేదు, ఎందుకో చేతకాలేదు.

పదో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. తెలుగులో! సిరొంచ ప్రాణహిత ఒడ్డున ఉంది, అవతల కాళేశ్వరం. అక్కడ చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారని పుస్తకంలో చదివాను గానీ ఆ అక్క గుర్తే రాలేదు. రెండేళ్ళుగా ఇద్దరూ ఒకరితో ఒకరు మరాఠీలో కష్టపడుతున్నారు, వదిన నా చేత రాయించుకుంటూ. వదిన బడి సంగతిలో అచ్చ తెలుగు పేర్లు రాసింది కదా, సిరిసిల్ల అని, ఆడబిడ్డ అని, అది చూసి కనుక్కున్నదట.

ఆమె చెప్పింది దాదాపు ఇట్లా ఉంది. "నువ్వు బడి మానలేదని తెలిసి నాకు సంతోషమే అయింది చెల్లె. అబద్ధం చెప్పొద్దు, కోపం కూడా అయింది. నేను రాసింది తీసేసిన. అది నీకు చెప్పిన మాట, నువ్వు లేకుంటే ఎవరికి చెప్పినట్టు? మా ఆయనకు సుత చెప్పలే. ఆ పిల్లను ఏం అనకు, చిన్నది. కానీ ఒకటి అడిగిన గదా, అది చెప్పనే లేదు."

నిజంగానే ఆమె రాసింది అక్కడ లేదు. నా "కన్నీళ్ళు ఒక్కటే" మాత్రం ఒంటరిగా ఉంది, దేనికి జవాబో తెలియకుండా. నేను దాన్ని కూడా తీసేశాను. ఆమె తీసేసిన మాటలు నాకు చాలావరకు గుర్తున్నాయి. అందుకే ఇందులో ఆమె చెప్పింది ఎంత రాయాలో వదినతో ఫోన్ చేయించి అడిగించాను. బడి మానిన సంగతి రాయొచ్చన్నది, పేరు వద్దన్నది. ఇంకొన్ని వద్దన్నది, అవి రాయలేదు.

వదిన ఆ ప్రశ్నకు జవాబు వాయిస్‌లోనే చెప్పింది, నేను పక్కనే ఉన్నాను, ఏమీ కొట్టలేదు. ముదిరిన ఆకు వంగదు, పెట్టెలాగ విరుగుతుంది, అది పారేస్తం. చిల్లులున్నది పారేస్తం. ఈనె లావుంటే చుట్టినంక విచ్చుకుంటది, అందుకే ఈనె పక్కకు వచ్చేటట్టు కత్తిరిస్తం. ఎండలో ఎక్కువ ఆరిపోయిన కట్ట వస్తే రాత్రి తడిగుడ్డ చుట్టి పెట్టినా మెత్తపడదు, వెయ్యి బీడీలకు ఇచ్చిన ఆకు ఎనిమిది వందలకే అయిపోతది. "మీ తాన ఆరబెట్టేటప్పుడు ఎన్ని రోజులు ఉంచుతరక్కా?" అని ఈమె అడిగింది. అక్కడి నుంచి ఇద్దరూ మొదలుపెట్టారు. కొమ్మలు ఎప్పుడు కొడితే చిగురు లేతగా వస్తుందో ఆమె చెప్పింది. ఏ చిగురు ఆకుతో బీడీ బిగువుగా వస్తుందో ఈమె చెప్పింది. పాఠంలో "ఉత్పత్తి గొలుసు" అని ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయం నేను వదినకు రెండుసార్లు చదివి చెప్పాను, ఇద్దరికీ అర్థం కాలేదు.

ఇప్పుడు వదిన మరాఠీ తనే కొడుతుంది. తప్పులు చాలా ఉంటాయి. దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో తెలియక నన్ను పిలుస్తుంది, నేను వెళ్ళి దీర్ఘం మాత్రం చెప్పి వస్తాను. లైకులు మూడో నాలుగో వస్తాయి. ఒక్కోసారి చూస్తే ఆ వాక్యం ఇంకా బాగా రాయొచ్చు అనిపించి నా వేళ్ళు గుంజుతాయి. మొన్న ఒకసారి ఆగలేక "వదినా, ఇక్కడ ఈ మాట పెడితే…" అన్నాను.

"ఆ మాట నాకు తెల్వదు గదా" అన్నది. "అర్థం చెప్పు. నచ్చితే పెడ్త."

చెప్పాను. కొంచెం సేపు ఆలోచించి, వద్దన్నది.